దగ్గరికెళితేనే మెత్తటి వెలుగు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూర్ పేరు చాలాకాలం ఎన్‌కౌంటర్ల వార్తల్లోనే వినిపించింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల ఆపరేషన్ అప్పుడూ అంతే. అక్కడి మనుషులు బయటివారికి తెలిసేది ఫోటోల్లోనే. కెమెరా మీది ఫ్లాష్ నేరుగా పడితే నుదురు తెల్లగా మెరుస్తుంది. గడ్డం కింద, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. ఏ పాపం ఎరగని రైతు కూడా అనుమానితుడిలా కనిపిస్తాడు.

దీనికి విరుగుడుగా ఫ్లాష్‌కు ప్లాస్టిక్ డిఫ్యూజర్ తొడుగుతారు. కానీ వెలుగు మెత్తబడేది తొడుగు వల్ల కాదు. ఎదుటి మనిషి వైపు నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత పెద్దదన్నదే ముఖ్యం. చిన్న డిఫ్యూజర్ కాంతిని నలుదిక్కులా చల్లుతుంది. పట్నం గదిలోనైతే తెల్లటి గోడలు, సీలింగ్ దాన్ని తిప్పికొట్టి తామే పెద్ద దీపాలవుతాయి. ఇప్పచెట్టు కింద తిప్పికొట్టేదేమీ ఉండదు. కాంతి వృథా, నీడ యథాతథం.

అలాంటిచోట తెల్ల పంచె ఒకటి చాలు. ముఖానికి దగ్గరగా దాన్ని పరిచి పట్టుకుని, కెమెరా నుంచి విడదీసిన ఫ్లాష్‌ను వెనక నుంచి వెలిగిస్తే నీడ అంచులు కరిగిపోతాయి. పంచెను దూరం జరిపితే నీడ మళ్లీ గట్టిపడుతుంది. మెత్తటి వెలుగు కావాలంటే మనిషి దగ్గరికి వెళ్లక తప్పదు. వెళ్లాక, ఫోటో తీయొచ్చా అని అడగకా తప్పదు.