పతా చూసి దర్వాజా మూస్తే

మా ఛోటీ చీడికాడలో ఇంటి దగ్గరే తెలుగు టైపింగ్ చేస్తుంది. పేజీకింత అని లెక్క. సాయంత్రం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ఆ పేజీల్ని విశాఖలో మా చిన్న ఆఫీసు సర్వర్‌కి పంపుతుంది. ఆ సర్వర్ పహరా నాది.

ఒక రాత్రి ఇషా నమాజ్ అయ్యాక లాగ్ తెరిస్తే గుండె ఝల్లుమంది. ఎవరో ఒకే ఐపీ అడ్రస్ నుంచి వరసగా పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తున్నారు. మేం వాడేది ఫైల్‌జిల్లా సర్వర్. రానివ్వకూడని అడ్రస్‌ల జాబితా ఒకటి, దాన్నుంచి మినహాయింపు ఇచ్చే జాబితా ఇంకొకటి అందులో ఉంటాయి. ఆ ఒక్క అడ్రస్ రాసి ఊరుకోవచ్చు. గుస్సాలో చివర /16 అని తగిలించేశాను. అంటే 65,536 అడ్రస్‌లకి ఒకేసారి దర్వాజా బంద్. హాయిగా నిద్రపోయాను.

మూడు రోజులు ఛోటీ పేజీలు రాలేదు. ఇంట్లో పనులేమో అనుకున్నాను. నాలుగో రోజు అమ్మీ ఫోన్ చేసింది. "పిల్ల సరిగా అన్నం తినడం లేదురా. భయ్యా నా పని వేరేవాళ్ళకి ఇచ్చేశాడేమో, అడగాలంటే షరమ్‌గా ఉంది అంటోంది."

ఛోటీ ఫోన్‌కి ఆ రోజు ఏ ఐపీ ఉందో చూడమన్నాను. నేను మూసేసిన వాటిలో అదీ ఒకటి. దొంగ వచ్చిన మొబైల్ కంపెనీ దారిలోనే మా చెల్లీ వస్తోంది. మొబైల్ నెట్‌లో ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎందరో ఉంటారు. ఇవాళ ఒకరిది, రేపు ఇంకొకరిది.

విశాఖ వచ్చిన కొత్తలో కిరాయికి ఇల్లు వెతుక్కున్నాను. ఒకాయన అడ్వాన్స్ దాకా మాట్లాడి, నా పేరు అడిగాక "ఇల్లు ఇచ్చేశామండీ" అన్నాడు. టులెట్ బోర్డు తర్వాతి వారం కూడా అక్కడే ఉంది. ఆయన మీద ఎంత మండిపడ్డానో గుర్తొచ్చి సిగ్గేసింది.

పహరా వద్దని అనను. ఐపీ అడ్రస్ ఏ దారిన వచ్చారో చెబుతుంది, ఎవరొచ్చారో చెప్పదు. /16 తీసేశాను. వరసగా తప్పు పాస్‌వర్డ్ కొట్టే అడ్రస్‌ని కాసేపు మాత్రం ఆపే ఆటోబాన్ పెట్టాను. ఉత్త ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాతలా వెళుతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. అందుకని టీఎల్ఎస్ తప్పనిసరి చేశాను.

అల్‌హందులిల్లాహ్, ఆ సాయంత్రం పేజీలు వచ్చాయి. మాఫీ అడిగితే నవ్వి, "మూడు రోజుల మజూరీ ఎవరిస్తారు భయ్యా?" అంది.

ఇచ్చాను. అది దాని హక్.