‘జరిగింది’కీ ‘చేశాను’కీ మధ్య

ఈసారి రాజకీయాలతో కాదు, ఒక సైకిలు దీపంతో మొదలుపెడుతున్నాను. చివరికి ఎలాగూ రాజకీయాల దగ్గరకే చేరుకుంటానని నన్ను చాలాకాలంగా చదువుతున్నవారు ఊహించే ఉంటారు.

స్కాట్లాండ్ ఉత్తర భాగంలో, ఇన్వర్నెస్ పట్టణానికి వాయవ్యంగా ఉన్న అడవి కొండల్లో జనవరి నెలలో జరిగే సైకిలు పందెం ఒకటుంది. పేరు స్ట్రాత్‌పఫర్. శనివారం ఉదయం పది గంటలకు మొదలై ఆదివారం ఉదయం పదికి ముగుస్తుంది. ఆ 24 గంటల్లో సుమారు 17 గంటలు చీకటే. దాదాపు 11 కిలోమీటర్ల చుట్టు. మొదట అడవి బాట వెంట దీర్ఘమైన ఎక్కుడు, ఆపైన రాళ్లూ బురదా వేళ్లూ నిండిన ఇరుకు దారి. ఎవరు ఎక్కువ చుట్లు పూర్తి చేస్తే వారిదే గెలుపు. జట్లు వంతులవారీగా 24 గంటలు కొండ సైకిలు తొక్కే ఈ పద్ధతి 1992లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో జరిగిన కేనాన్ పందెంతో ప్రాచుర్యంలోకి వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఎడింబరోలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలి ఇంటికి వెళ్లాను. ఆమె, ముగ్గురు సహోద్యోగులు కలిసి నలుగురి జట్టుగా ఆ పందేనికి పేరు ఇచ్చారు. "మామయ్యా, మీరూ రండి. ఢిల్లీలో రాత్రంతా మేలుకొని ఓట్ల లెక్కింపు చూడడం మీకు అలవాటేగా" అన్నది. కాదనలేకపోయాను.

సహాయకులం ఇద్దరమే. జట్టులో ఒకామె భర్త సైకిళ్ల పని చూసుకునేవాడు. ఇసుక కలిసిన బురదకు బ్రేకు ప్యాడ్లు ఒక్క రాత్రిలోనే అరిగిపోతాయని అతని చేతుల్లోనే చూశాను. వేడి సూపు, పొడి బట్టలు, మేనకోడలు ప్రత్యేకంగా అడిగి చేయించుకున్న పులిహోర, దీపాల బ్యాటరీలు నా బాధ్యత. చార్జి అయిన బ్యాటరీలకు తెల్ల డబ్బా, వాడినవాటికి నీలం డబ్బా. ప్రతి బ్యాటరీకీ ఒక బటన్ ఉంటుంది, నొక్కితే నిండుగా ఉన్నదీ లేనిదీ చిన్న రంగు దీపం చెబుతుంది. ఇచ్చే ముందు నొక్కి చూడాలి. అంతే పని.

రాత్రి రెండు గంటలు. ఢిల్లీలో అప్పటికి ఉదయం ఏడున్నర. దినపత్రికల శీర్షికలు ఫోనులోకి వచ్చి పడుతున్నాయి. ఒక కన్ను ఆ వార్తల మీదనే ఉంచి, ఇంకో చేత్తో తిరిగి వచ్చిన బ్యాటరీని డబ్బాలో వేశాను. మూడింటికి మేనకోడలు తన వంతుకు బయలుదేరింది. తెల్ల డబ్బాలోంచి తీసిన బ్యాటరీని నేనే ఆమె దీపానికి తగిలించాను. బటన్ నొక్కి చూడలేదు.

నాలుగింటికి రావలసిన పిల్ల నాలుగుంబావుకీ రాలేదు. వంతు మార్చుకునే గుడారంలో తరువాతి కుర్రవాడు పలుచని పందెపు దుస్తుల్లో వణుకుతూ నిలబడ్డాడు. అడవి అంచున వెలుగు కనిపించినప్పుడల్లా ఆమే అనుకున్నాను. ప్రతిసారీ ఇంకెవరో. నాలుగు నలభైకి, చేతిలో అత్యవసరానికి ఉంచుకున్న చిన్న టార్చితో, సైకిలును నడిపించుకుంటూ వచ్చింది. రాళ్ల దిగుడుకు ముందే దీపం ఆరిపోయిందట. హెల్మెట్ పట్టీ విప్పుకోవడానికి ఆమె వేళ్లు వంగడం లేదు. నేను విప్పాను.

"ఏమైంది?" అని మెకానిక్ అడిగాడు.

"చలికి బ్యాటరీ దిగిపోయినట్టుంది" అన్నాను.

లిథియం బ్యాటరీ చలిలో త్వరగా నీరసిస్తుందన్నది శాస్త్రీయంగా నిజమే. నిజం కాబట్టే దాని వెనుక దాక్కోవడం అంత సులువైంది. మేనకోడలు నా వైపు తిరిగి, "నేనే వెలుగు మరీ పెంచుకున్నానేమో మామయ్యా" అన్నది. చలిలో నలభై నిమిషాలు ఎదురుచూసిన ఆ కుర్రవాడికి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పింది. అతడు పరవాలేదంటూ సైకిలెక్కాడు. అతని తలమీది దీపానికి బ్యాటరీ కూడా ఆ తెల్ల డబ్బాలోదే.

అప్పుడు గానీ నా నోరు పెగల్లేదు. "ఆగు. తప్పు నాది. డబ్బాలు కలిపేశాను. నీదీ చూడాలి" అన్నాను. బటన్ నొక్కితే పచ్చదీపం వెలిగింది. అతనిది నిండుగానే ఉంది. ఒక నిమిషం పోయింది, అంతే. కానీ నొక్కకముందు ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

దీపాల పని ఇంకెవరికైనా అప్పగించమన్నాను. ఆమె సూపు గ్లాసును రెండు చేతులతో పట్టుకొని, "రాజీనామా సంగతి తెల్లారాక చూద్దాం మామయ్యా. ముందు ఆ డబ్బాలు సర్దండి" అన్నది. సర్దాను. తెల్లవారేదాకా ప్రతి బ్యాటరీనీ రెండుసార్లు నొక్కి చూశాను.

నైతిక బాధ్యత ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాబోటివాళ్లం లాల్ బహదూర్ శాస్త్రిని తలుచుకుంటాం. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం తరువాత ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తరువాత ఆయన పదవి వదిలారు. నేనే ఎన్ని వ్యాసాల్లో ఆ ఉదాహరణ వాడానో లెక్కలేదు. ఆ రాజీనామా గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ రెండు ప్రమాదాలూ వంతెనల వద్దనే జరిగాయనీ, వాటి మధ్య వ్యవధి దాదాపు మూడు నెలలేననీ నా వ్యాసాల్లో ఒక్కసారీ రాయలేదు. ఎవరు వెళ్లిపోయారన్నది నాకు కథ అయింది. తరువాతి రైలు ఏ వంతెన మీదుగా వెళ్లిందన్నది కథ కాలేదు.

మన అధికార ప్రకటనల భాష గమనించండి. ‘లోపం తలెత్తింది’, ‘పొరపాటు జరిగింది’, ‘విచారణకు ఆదేశించడమైనది’. కర్త కనిపించడు. ఆ భాషను ముప్పై ఏళ్లు ఎగతాళి చేసినవాడిని, నా మేనకోడలి ముందు నా నోట మొదట వచ్చింది అదే భాష. ‘చేశాను’ అనే మాటను మనం నీతికి సంబంధించినదిగా, పశ్చాత్తాపానికి సంబంధించినదిగా చూస్తాం. ఆ రాత్రి అది మొట్టమొదట సమాచారం. తరువాత బయలుదేరబోయేవాడికి అందవలసిన సమాచారం. అతడు వెళ్లిపోయాక ఎంత నిజాయితీగా ఒప్పుకున్నా అతనికి ఉపయోగం లేదు. విచారణ నివేదికలు ఏళ్ల తరబడి బల్లల మీద ఉండిపోయే దేశంలో మనం అడగవలసింది బాధ్యులెవరని మాత్రమే కాదు, ఆ సంగతి ఎప్పుడు చెప్పారని కూడా.

పందెంలో మా జట్టుకు చెప్పుకోదగ్గ స్థానమేమీ రాలేదు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో అందరూ నిద్రపోయారు. మేనకోడలు మాత్రం మధ్యలో కళ్లు తెరిచి, "ఇంతకీ ఆ రెండింటికి అంత ముఖ్యమైన వార్త ఏం చదివారు మామయ్యా?" అని అడిగింది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇప్పటికీ రాలేదు.