సూర్యలంకలో రెండు రోజుల కాపురం

సముద్రం చూడాలంటే మన బెజవాడ వాళ్ళం ఎండాకాలం సెలవుల్లో బయల్దేరతాం. సాయంత్రం వెళ్ళి, కాళ్ళు తడుపుకుని, మొక్కజొన్న కండె తిని, చీకటి పడేసరికి తిరుగుముఖం పడతాం. అంతేనా? మేం మాత్రం కిందటేడు కార్తీకమాసంలో, వానల్లో వెళ్ళాం. అదీ రెండు రాత్రులు సముద్రం ఒడ్డునే కాపురం పెట్టాం. "వానల్లో సముద్రమేమిటి, మతిపోయిందా?" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. ఆ కబుర్లు మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలు.

మేం వెళ్ళింది బాపట్ల దగ్గర సూర్యలంకకి. విజయవాడ నుంచి బాపట్ల సుమారు 75 కిలోమీటర్లు. మద్రాసు వైపు వెళ్ళే రైలెక్కితే తెనాలి, నిడుబ్రోలు దాటాక బాపట్ల వస్తుంది. అక్కడ భావనారాయణస్వామి దర్శనం చేసుకుని, ఆటోలో 9 కిలోమీటర్లు వెళితే సముద్రమే. ఒడ్డున టూరిజం వాళ్ళ కాటేజీలున్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. మాకు దొరికింది సరుగుడు చెట్ల మధ్య ఒక చిన్న గది, ముందు వరండా, పైన రేకులు.

అసలు చిక్కు మా అత్తయ్యగారితో వచ్చింది. ఆవిడకి డెబ్బై దాటాయి. మెట్టినిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మీకు గుర్తుండే ఉంటుంది, లేకపోతే పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఒక్క రోజులో పదివేల మందికి పైగా పోయారు. మా అత్తయ్యగారి తోడికోడలు, ఆవిడ ఇద్దరు పిల్లలూ అందులోనే పోయారు. ఆ తర్వాత కుటుంబం బెజవాడ వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ సముద్రం మొహం చూడలేదు. గట్టిగా గాలి వేస్తే చాలు, అర్ధరాత్రి లేచి తలుపు గడియ చూసి వస్తారు. ఎందుకని మేమెవరం అడగలేదు.

అలాంటావిడని వదిలి ఎలా వెళ్ళడం? మానేద్దామనుకుంటుంటే ఆవిడే అన్నారు. "నేనూ వస్తానమ్మా. ఒక్కదాన్నీ ఇంట్లో ఉండి గాలి వినేకంటే, మీ మధ్య కూచుని వినడం నయం."

మొదటి రోజు సాయంత్రానికే వాన పట్టుకుంది. మన కోస్తాలో ఆశ్వయుజ, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనాల వాన కదా, కురిస్తే ఒక పట్టాన వదలదు. కరెంటు పోయింది. నేను మోసుకెళ్ళిన రైస్ కుక్కరు మూలన కూర్చుంది. ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర, దొండకాయ వేపుడు ఆదుకున్నాయి. అప్పడాలు మాత్రం డబ్బా మూత తీయగానే మెత్తబడిపోయాయి. సముద్రపు గాలి అంటే అదీ!

రాత్రి పదకొండింటికి రేకుల మీద వాన, సరుగుడు తోటలో ఈల వేస్తున్నట్టు గాలి, దాని వెనకాల సముద్రం ఘోష. అత్తయ్యగారు మంచం మీద లేచి కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొవ్వొత్తి వెలుగులో ఆవిడే మొదలుపెట్టారు.

"ఆ రాత్రంతా గుడి మండపం మీద ఉన్నాం. తెల్లారి నీళ్ళు తీశాయి. అయితే ఏం లాభం? ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేవు. చెరువులో ఉప్పు, బావిలో ఉప్పు. మీ ఆయనకి అప్పుడు ఎనిమిదో నెల. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కూలిన కొబ్బరిచెట్టు కింద ఒక బొండాం దొరికింది. దాన్ని రాయికేసి కొట్టి, చుక్క చుక్క వాడి నోట్లో పోశాను. నేను ఒక చుక్క నాలిక్కి అంటించుకున్నాను. ఆ చుక్క కూడా వాడికి పోయాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఈ మాట నేను వినలేదు. మావారు అటు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోలేదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనుకుంటాను.

తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. అందరం ఇసుక దిబ్బల వైపు నడిచాం. మీరు వెళితే బీచి మాత్రం చూసి వచ్చేయకండి, ఈ దిబ్బలు చూడండి. ఇసుక మీద బాలబంద తీగ అల్లుకుని ఊదారంగు పూలు పూస్తుంది. ముళ్ళ బంతుల్లాంటి రావణాసురుడి మీసాలు గాలికి దొర్లుకుంటూ పోతాయి. మా అమ్మాయి వాటి వెంట చిన్నపిల్లలా పరుగులు పెట్టింది. ఈ తీగలూ గడ్డీ వేళ్ళతో ఇసుకని పట్టి ఉంచుతాయి. దిబ్బ నిలిస్తే పెద్ద అల వచ్చినా దాని జోరు కొంత తగ్గుతుంది. వీటిని తవ్వి ఇసుక తోలుకుపోవడమంటే మన ఇంటి ప్రహరీ మనమే పడగొట్టుకోవడం.

దిబ్బల వెనకాల ఒక ఆకుకూరల మడి, దాని పక్కన నేలలో వాలుగా తవ్విన గుంట. ఒకావిడ కడవతో నీళ్ళు ముంచుతోంది. దీన్ని దొరువు అంటారు. ఇక్కడి ఇసుకనేలల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద నిలుస్తుంది. మంచినీరు తేలిక కదా, పాల మీద మీగడలా పైనే ఉంటుంది. పైపైన తోడుకుంటే తియ్యటి నీళ్ళు. ఆశపడి లోతుగా బోరు వేసి మోటారుతో లాగితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకొస్తుంది. బాపట్లలో 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. చిల్లుల గొట్టాలు ఇసుకలో అడ్డంగా పాతి, పైపొర నీరంతా ఒక బావిలోకి చేరేలా చేశారు.

"ఈ నీళ్ళు ఉప్పగా ఉండవూ?" అని అత్తయ్యగారు అడిగారు.

"తాగి సూడండి మామ్మగారూ, ఎంత తియ్యగుంటాయో!" అని ఆవిడ కడవ వంచింది.

అత్తయ్యగారు దోసిలి పట్టారు. అటు దిబ్బ దాటితే సముద్రం ఘోష పెడుతోంది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. వెనక్కి తిరిగి మావారిని పిలిచి, "ముందు నువ్వు తాగరా" అన్నారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆఫీసులో పదిమందిని హడలగొట్టే మనిషి, మారుమాట్లాడకుండా వంగి తల్లి దోసిట్లో నీళ్ళు తాగారు. ఆ తర్వాతే ఆవిడ తాగారు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ అటు తిరిగాను.

ఇక మీరూ వెళ్ళాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. ముందు వాతావరణం వార్తలు వినండి. నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారంటే ప్రయాణం మానుకోండి, డబ్బు పోతే పోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. దొరువు నీళ్ళు రుచి చూడటం వేరు, రోజూ తాగటానికి కాచి చల్లార్చినవి తీసుకెళ్ళండి. టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోండి. ఉప్పు, కారప్పొడి, జంతికలు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పొయ్యండి. నూలు చీరలు ఆరి చావవు, రెండు సింథటిక్ చీరలు పెట్టుకుంటే మేలు. తిరిగొచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు మర్చిపోకండి.

ఇంటికొచ్చాక పక్కింటావిడ, "మీ అత్తగారికి భయం పోయిందా?" అని అడిగింది. అంత తేలిగ్గా పోతుందా చెప్పండి? గట్టిగా గాలి వేస్తే ఇప్పటికీ లేచి గడియ చూస్తారు. కాకపోతే ఇదివరకు ఒక్కరే లేచేవారు, ఇప్పుడు నన్నూ లేపుతున్నారు. ఇద్దరం వంటింట్లో కూర్చుని కాసిని పాలు కాచుకుని తాగి, గాలి తగ్గాక పడుకుంటున్నాం.