ఎవరి పేరు రాతికెక్కింది

జనగామ నుంచి సూర్యాపేట వైపు వెళ్తూ దేవరుప్పుల దగ్గర ఊరి దారి పడితే కడవెండి వస్తుంది. 1946 జులై 4న ఆంధ్ర మహాసభ ఊరేగింపు మీద విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. గొర్రెలు కాసుకునే కురుమల ఇంటి బిడ్డ కొమరయ్య. అలాంటివాడి పేరును ఊరు స్తూపంగా నిలుపుకోవడం ఈ నేల మీద ఎంత అరుదో తెలియాలంటే బయ్యారం దాకా వెళ్లాలి. అక్కడి చెరువు శాసనం కాకతీయుల వంశక్రమానికి పెద్ద ఆధారం. చెరువు తవ్వించిన మైలాంబ గణపతిదేవుడి చెల్లెలని, దాని పేరు ధర్మకీర్తి సముద్రమని అందులో ఉంది. గంపలతో మట్టి మోసి కట్ట పోసినవాళ్ల ఊసు మాత్రం లేదు. శాసనాలను మాత్రమే చరిత్ర అనుకుంటే మనకు దక్కేది తవ్వించినవాళ్ల చరిత్రే. తవ్వినవాళ్లది కావాలంటే ఊరి దారుల్లోని స్తూపాలను, సమాధులను కోటలతో, గుళ్లతో సమానమైన ఆధారాలుగా లెక్కించాలి.

స్తూపాలు నిన్నమొన్నటి సిమెంటు కట్టడాలు, పార్టీలు పెట్టుకున్నవి, వీటిని పురావస్తువులతో ఎలా కలుపుతారని అడిగేవాళ్లున్నారు. బయ్యారం శాసనం మాత్రం ఏ పక్షమూ లేనిదా? మైలాంబ తన వంశాన్ని పొగడడానికి వేయించిందే. అయినా దాన్ని పారేయలేదు, పొగడ్తను పొగడ్తగా పక్కనపెట్టి మిగతాది చదువుకున్నాం. స్తూపాన్నీ అలాగే చదవొచ్చు. ఇక వయసు మాటంటారా, 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి. కడవెండి కాల్పులకే వందేళ్లు నిండేది 2046లో. అప్పటికి ఆ కథ పెద్దల నోట విన్నవాళ్లు కూడా ఎందరు మిగులుతారు?

ఇక సమాధుల సంగతి. మానుకోట దాటి డోర్నకల్ వెళ్తే వి.ఎస్. అజరయ్య సమాధి ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన అక్కడి కెథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. బిషప్ పేరు పుస్తకాల్లో పదిలమే. డోర్నకల్ సంఘంలో ఎక్కువగా ఉన్న మాల, మాదిగ కుటుంబాల పెద్దల పేర్లు కావాలంటే చర్చి రిజిస్టర్లూ ఊరి సమాధుల దొడ్లూ వెతకాల్సిందే.

అక్కడి నుంచి ఉత్తరానికి, అడవుల్లోకి వెళ్తే దామరవాయి. ఇది ములుగు జిల్లాలోది. నిలువు బండలు పాతి, మీద పెద్ద సల్ప కప్పిన బృహత్ శిలాయుగపు సమాధులు గుట్ట మీద గుంపుగా ఉన్నాయి. జనం రాక్షసగుళ్లంటారు. అక్కడ ఒక్క పేరూ లేదు, చెప్పేవాళ్లూ లేరు. కడవెండి చుట్టుపక్కల ఊళ్లలో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ స్తూపం ఎవరిది, ఎవరు కట్టారు, ఏ ఇంటివాళ్లది అన్న వివరాలు పంచాయతీ వారీగా ఇప్పుడే రాయించాలి, రక్షిత జాబితా సంగతి తర్వాత చూసుకోవచ్చు.