సెల్ఫు తిరిగినా స్టార్టు కాని కారు

పిల్లలూ, పాత కారులో తాళంచెవి తిప్పగానే యింజను గిర్రుగిర్రున తిరుగుతుంది గాని, ఎంతకీ అందుకోదు. ఇది మీరు చూసే వుంటారు. చుట్టూ చేరినవాళ్ళు వెంటనే, "బ్యాటరీ పోయింది!" అంటారు. అది నిజం కాదు. బ్యాటరీ పోతే యింజను అంత చురుకుగా తిరగనే తిరగదు. యింజనును మొదట తిప్పి పెట్టటం వరకే సెల్ఫు మోటారు పని. ఆ తరవాత అది తనంతట తాను తిరగాలంటే పెట్రోలూ గాలీ సరైన పాళ్ళలో కలిసి లోపలికి రావాలి. సరిగా అదను చూసి నిప్పురవ్వ పడాలి.

పెట్రోలునూ గాలినీ కలిపేది కార్బ్యురేటరు. నిప్పు సంగతి కొంచెం చిత్రమైనది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. డిస్ట్రిబ్యూటరులో "పాయింట్లు" అనే రెండు చిన్న లోహపు బిళ్ళలున్నాయి. అవి విడిపోయిన ప్రతిసారీ కరెంటు తెగి, కాయిల్‌లో వేలకొద్దీ వోల్టులు పుడతాయి. వాటిని డిస్ట్రిబ్యూటరు, పంక్తిలో వడ్డించినట్టు, ఒక్కొక్క ప్లగ్గుకూ పంచుతుంది. అంబాసిడర్ కారులో ఆ వంతు 1, 3, 4, 2. తమాషా ఏమిటంటే, ఈ నిప్పు ఏర్పాటూ, సెల్ఫు మోటారూ ఒకే మనిషి పుణ్యం. ఆయన చార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికా ఇంజనీరు. మొదటిది 1910లో, రెండవది 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చాయి.

మా పెదనాన్నగారికి ఒక పాత అంబాసిడర్ వుండేది. మాది భీమవరం దగ్గిర పల్లెటూరు. 1984లో, శ్రావణ మాసం, మూడు రోజులుగా ముసురు పట్టి వున్నది. అర్ధరాత్రివేళ మా నాయనమ్మకు ఉబ్బసం ఎక్కువై ఊపిరి అందలేదు. తెల్లవారితే గాని బస్సు లేదు. కారు చూస్తే తిరుగుతుంది, స్టార్టు కాదు.

"బావగారూ, ఇంకొక్కసారి తిప్పి చూడండి," అన్నది మా అమ్మ ఏడుపు గొంతుతో.

"వద్దమ్మా. ఊరికే తిప్పితే వున్న బ్యాటరీ కాస్తా అయిపోతుంది," అని పెదనాన్న దిగి బానెట్ ఎత్తాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఆయన ఒక్కసారి వాసన చూసి, "పెట్రోలు వస్తూనే వున్నదిరా. రానిది నిప్పే," అన్నాడు.

చాలామంది ఇలాటప్పుడు ముందుగా కార్బ్యురేటరు విప్పుతారు. నన్నడిగితే అది వట్టి తొందరపాటు. పెదనాన్న పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, కాయిల్ నుంచి వచ్చే తీగను ఊడదీసి, పొడి చెక్కతో యింజను ఇనుముకు దగ్గిరగా పట్టుకున్నాడు. మా నాన్న సెల్ఫు కొట్టాడు. టప్ టప్ మని నీలపు రవ్వలు! ఆ తీగ మళ్ళీ పెట్టేసి, ప్లగ్గు తీగను అలాగే పట్టుకుంటే ఒక్క రవ్వ లేదు. (ఈ పరీక్ష మీరు చెయ్యకండి. ఆ షాకు మామూలుది కాదు.) కాయిల్ దాకా వచ్చిన నిప్పు ప్లగ్గు దాకా రాలేదంటే, దొంగ మధ్యలో వున్నాడన్నమాట. మధ్యలో వున్నది డిస్ట్రిబ్యూటరు మూతే.

మూత తీసి చూస్తే లోపల మంచు పట్టినట్టు చెమ్మ! దుమ్మూ చెమ్మా కలిస్తే కరెంటుకు దొంగదారి దొరుకుతుంది. అది ప్లగ్గుకు పోకుండా ఇనుములోకి జారిపోతుంది. నేను ఇంట్లోకి పరిగెత్తి దండెం మీద చేతికందిన పాత నేతచీర తెచ్చాను. పెదనాన్న దానితో మూతను తుడిచి, వంటింట్లో కుంపటి సెగకు కాస్త కాచి, మళ్ళీ బిగించాడు. అప్పటికే లోపల పెట్రోలు ఎక్కువైంది గనక చోక్ లాగకుండా, ఆక్సిలరేటరు అడుగుదాకా తొక్కి సెల్ఫు కొట్టాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారికి యింజను అందుకున్నది.

మూడో రోజున నాయనమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. వస్తూనే దండెం వేపు చూసి, "నా చీరకు ఈ మసి పూసిన వెధవ ఎవడర్రా?" అని అడిగింది.