పచ్చగళ్ల

తొలకరిలోనూ, మళ్లీ ధనుర్మాసం మంచుకీ మా అమలాపురం ఓపీలో ఆయాసం కేసులు పెరుగుతాయి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పనికి వెళ్లే ఒకావిడది ఎప్పుడొచ్చినా ఒకటే మాట: "గళ్ల పచ్చగా పడతందండి, నెమ్ము చేసిందండి, గట్టి కోర్సు రాయండి." సంచిలో ఖాళీ అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అట్టలు. జ్వరం లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. స్టెత్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు.

పచ్చగళ్ల అంటే చీమే అనుకుంటారు. ఉబ్బసంలో ఇయోసినోఫిల్ కణాలు గుమిగూడినా అదే రంగు. ఆయాసాన్ని ఎక్కువగా రేపేది జలుబు వైరస్, పీచు దుమ్ము, పొయ్యి పొగ. వాటికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? "వాడితే తగ్గిందిగా" అంటారు. తగ్గదా మరి, యాంటీబయాటిక్ ఇచ్చిన ఆ పొట్లంలోనే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వాపు తీసేది అది, పేరు ఖరీదైన మాత్రకి.

ఈ మోజు మన దగ్గరే కాదు. 2016లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో, ఆయాసంతో ఆసుపత్రికొచ్చిన పెద్దవాళ్లకి అజిత్రోమైసిన్ ఇచ్చి చూద్దామనుకుంటే, అప్పటికే ఏదో ఒక యాంటీబయాటిక్ పడిందని 2,044 మందిని పక్కన పెట్టాల్సి వచ్చింది. చివరికి మిగిలింది 199 మంది. వాళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ, అసలు మందు వాడినవాళ్లకీ తేడా కనబడలేదు.

అలాగని అస్సలు రాయననుకోకండి. జ్వరం ఉండి, ఎక్స్‌రేలో న్యుమోనియా మచ్చ కనబడితే ఆలస్యం చెయ్యను. ఇన్‌హేలర్లు సరిగ్గా వాడుతున్నా మాటిమాటికీ ఆయాసం తిరగబెట్టేవాళ్లకి, వారానికి మూడుసార్లు చొప్పున 48 వారాలు అజిత్రోమైసిన్ ఇస్తే దాడులు తగ్గాయని 2017లో ఆస్ట్రేలియా వైద్యులు చూపించారు. అది ఈసీజీ, వినికిడి చూసుకుని స్పెషలిస్టు మొదలుపెట్టే వైద్యం. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మూడు మాత్రలకీ దానికీ పోలికే లేదు.

నాకు ఎక్కువ భయం వేసేది రాజోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లాంటి కేసులకి. ఏళ్ల తరబడి ఆయాసానికి రోజూ థియోఫిలిన్ మాత్ర వేసుకుంటున్నారాయన. పచ్చగళ్లకని పైన సిప్రోఫ్లాక్సాసిన్ పడింది. అది కాలేయంలో థియోఫిలిన్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడుతుంది, రక్తంలో మందు పేరుకుపోతుంది. గుండె దడ, వాంతులు, చేతుల వణుకు. ఇంకా పెరిగితే ఫిట్సే. రెండూ ఆపించి, సర్దుకున్నాక బుడెసొనైడ్ ఇన్‌హేలర్ రాశాను. మిల్లీగ్రాముల్లో మింగే స్టెరాయిడ్ దీంతో మైక్రోగ్రాముల్లో సరిపోతుందని చెప్పాను. ఆయన అంతా విని, "ఆయ్, బానే ఉందండి. కానీ పంపు అలవాటైపోద్దంటండి, నిజవేనాండి?" అన్నారు.