పసుపు పేజీ, పచ్చ పేజీ

మా అక్క కూతురు డిగ్రీ రెండో ఏడు. సెమినార్ కోసమని ఆన్‌లైన్ గ్రంథాలయమైన వికీసోర్స్‌లో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదువుతోంది. ఉన్నట్టుండి, “పిన్నీ, ఇక్కడ ‘ధ’ బదులు ‘థ’ పడింది. దిద్దేశా” అంది.

దిద్దేశావా? ఎవర్నడిగి?

“అడగక్కర్లేదు, పక్కనే అసలు పేజీ స్కాన్ ఉంటుందిగా!”

భలే ముచ్చటేసింది.
మా రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో అచ్చుతప్పు పెన్సిల్‌తో దిద్దినా తిట్లే.

పద్ధతి కూడా తనే చూపించింది. కంప్యూటర్ స్కాన్‌లోంచి తీసిన అక్షరాలను ఒకరు సరిచూస్తే పేజీ పసుపు రంగుకి మారుతుంది. ఇంకొకరు మళ్లీ సరిచూస్తేనే పచ్చ. రెండూ ఒక్కరే చేసేయడం కుదరదు.
(పరీక్ష పేపర్లు కూడా ఇలా దిద్దితే ఎంత బావుణ్ణు!)

గైడు బట్టీ పట్టే పిల్ల 1949 నాటి పుస్తకాన్ని అక్షరం అక్షరం చదువుతోందంటే, తప్పులు పట్టే హక్కు తనకీ ఉందని తెలియడం వల్లే. మార్కుల ఆశ చూపించి ఈ చదువు చదివించలేం.

తెలుగు లెక్చరర్లూ, ఎవరైనా క్లాసులో ఇలా తలా ఒక పేజీ ఇచ్చి చేయించారా? ఎలా సాగిందో కామెంట్లో చెప్పండి.